ఒక కాలు నేల మీద

మొదట నేను చెప్పులను తిట్టాను.

నవంబరు నెల. పొద్దున పాలప్యాకెట్ తీసుకుందామని గేటు దాకా వెళ్లి చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. వెనక్కి తిరిగితే గడప దగ్గరే బోర్లా పడి ఉంది. ఎప్పుడు జారిందో కాలికి తెలియనే లేదు. చెప్పు పట్టీ వదులైందని రెండింటినీ మూలకు విసిరికొట్టి ఉత్త కాళ్లతో లోపలికి వచ్చాను. అప్పుడు నేల మెత్తగా తగిలింది. మా ఇంట్లో పరిచినవి షాబాద్ బండలు. అవి మెత్తగా ఎందుకుంటాయి? పత్తి కుప్ప మీద నడిచినట్టు ఉంది.

ఆ మెత్తదనం నాకు కొత్త కాదు. మా ఆయన సదానందం ఎనుమాముల మార్కెట్లో అడ్తి వ్యాపారి. రైతులు తెచ్చిన పత్తిని ఖరీదుదార్లకు అమ్మిపెట్టడం ఆయన పని. పెళ్లైన కొత్తలో యార్డు చూస్తానని వెంటపడి వెళ్లి, కుప్పలో మోకాలి దాకా దిగబడి కడుపు పట్టుకుని నవ్వాను. ఈసారి మాత్రం వంటింటి గోడ పట్టుకుని నిలబడి భయపడ్డాను.

భయపడడానికి కారణం ఉంది. నేను ఉరికే మనిషిని. యాభై దాటాక మొదలుపెట్టాను, ఇప్పుడు అరవైకి దగ్గర పడుతున్నాను. రోజూ పొద్దున్నే ఖిలా వరంగల్ రోడ్డు మీద మా బ్యాచ్ ఉరుకుతుంది. అందరం మనవలున్నవాళ్లమే. ఒకరికి మోకాళ్లు, ఒకరికి బీపీ, ఒకరికి షుగర్. అయినా పక్కవాళ్లు అడుగు ముందుకేస్తే ప్రాణం ఒప్పదు. పెద్దవాళ్ల రోడ్డు పరుగులు ఎక్కడ పెట్టినా పోయి, మా వయసు విభాగంలో కొట్లాడి మెడల్ తెచ్చుకునేవాళ్లం. నేను బూట్ల లేసులు కట్టుకుంటుంటే మా ఆయన దుప్పట్లోంచే అడిగేవాడు.

"మళ్ల ఎటు ఉరుకుతానవే?"

"ఖిలాకు."

"పో పో. మోకాలు పలిగినంక నా దగ్గరకే వస్తవ్."

మా బ్యాచ్‌లో ఉరకని మనిషి ఒక్కరే, కొమురయ్య సారు. స్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయనది నడక పోటీ. అందులో ఒక కాలు ఎప్పుడూ నేల మీదే ఉండాలి, ముందుకు వేసిన కాలు మోకాలి దగ్గర వంగకూడదు. అట్లా వేగంగా నడిస్తే నడుము ఇటూ అటూ ఊగుతుంది. రోడ్డు మీద పిల్లలు నవ్వేవాళ్లు, మేమైతే ఆయన ముఖం మీదే "బాతు సారు" అనేవాళ్లం. ఆయన కోపం తెచ్చుకోలేదు.

"నవ్వుండ్రి, నవ్వుండ్రి. ఉరుకుడంటే గాల్లకు ఎగురుడు. నడుసుడంటే భూమిని ఇడువకపోవుడు. ఏది కష్టమో ఓనాడు మీకే ఎర్కయితది," అనేవారు.

చెప్పు జారడానికి వారం ముందు నాకు విరేచనాలు, జ్వరం వచ్చి తగ్గాయి. దాన్నెవరూ పట్టించుకోలేదు. కాళ్లు తిమ్మిరెక్కాయని చెప్పగానే మా ఇంట్లో తీర్పు వచ్చేసింది. తీర్పు చెప్పింది మా ఆడబిడ్డ సరోజన వదిన, మా ఆయనకు అక్క. రెండు గల్లీల అవతలే ఉంటుంది.

"ఉరికి ఉరికి నరాలు గుంజినయ్. ఈ వయసుల ఆడిదానికి ఉరుకుడేందే? నువ్వుల నూనె పెట్టి రుద్దుత, తెల్లారేసరికి తగ్గుతది."

నిజంగానే రుద్దింది. నడుము వంచి, చెమటలు కక్కుతూ రుద్దింది. తెల్లారింది, తగ్గలేదు. మరునాడు ఎవరో తాడు కట్టించమన్నారు, కాలికి నల్లతాడు కట్టించారు. నాకూ లోపల అదే అనుమానం. పోయిన నెల పోటీ కోసం ఎక్కువ ఉరికాను కదా, అందుకేనేమో అనుకున్నాను. ఉరికేవాళ్లందరూ చేసే తప్పే ఇది. ఏ నొప్పి వచ్చినా దాన్ని పరుగు లెక్కలోనే వేస్తాం. తర్వాతి రోజు స్నానాల గదిలో పీట మీద కూర్చున్నదాన్ని లేవలేకపోయాను. సాయంత్రానికి చేతులతో దువ్వెన పట్టలేకపోయాను. ఇది చదివేవాళ్లకు చేతులెత్తి మొక్కుతాను. జ్వరమో విరేచనాలో తగ్గాక కాళ్ల తిమ్మిరి పైకి పాకుతుంటే నూనె వెతకకండి, తాడు వెతకకండి. ఆ పూటే దవాఖానకు పొండి.

దవాఖానలో డాక్టరు జబ్బు పేరు చెప్పారు. పొడుగు పేరు, నా నోరు తిరగలేదు. ఒంట్లో రోగంతో కొట్లాడే సైన్యమే దారి తప్పి నరాల మీద పడుతుందట. ఎందుకట్లా అవుతుందో సరిగ్గా చెప్పలేమన్నారు. ఉరికినందుకు మాత్రం కాదన్నారు. మా ఆయన బయటికి వచ్చి చుట్టాలందరికీ "నరాల జరం" అని చెప్పాడు. ఇప్పటికీ మా గల్లీలో దాని పేరు అదే. ఊపిరి మీదికి రావచ్చని నన్ను ఐసీయూలో పెట్టారు.

అక్కడి రోజులు నాకు వరుసగా గుర్తులేవు. కలేదో మెలకువేదో ఈరోజుకీ విడదీయలేను. ఏసీ గొట్టంలోంచి పత్తి రాలుతూ ఉండేది. మంచు కాదు, పత్తే. మంచం చుట్టూ, మిషన్ల మీద, నర్సుల తలల మీద తెల్లగా పేరుకునేది. నా మంచం మార్కెట్ యార్డులో ఉండేది. కుప్పల మధ్య నేనూ ఒక కుప్పను. ఖరీదుదార్లు వచ్చి నన్ను వేళ్లతో నొక్కి, "తేమ ఎక్కువున్నది" అని పెదవి విరిచి పోయేవాళ్లు. నాకు భయం వేసేది కాదు, సిగ్గు వేసేది. నన్నెవరూ కొనకపోతే మా ఆయన పరువు పోతుందని దిగులుపడేదాన్ని.

ఒకసారి మా బ్యాచ్ మొత్తం మంచం కాళ్ల వైపు నుంచి ఉరుకుతూ పోయింది. ఛాతీ మీద నెంబర్లున్నాయి, చప్పుడు లేదు. చూస్తే ఒక్కరి కాలూ నేలకు ఆనడం లేదు, మబ్బుల్లాగా పోతున్నారు. అందరికంటే వెనక కొమురయ్య సారు నడుము ఊపుకుంటూ వచ్చారు. ఆయన కాళ్లు మాత్రం నేలను తాకుతూ టప్ టప్ మన్నాయి. ఆ చప్పుడు ఎంత బాగుందో చెప్పలేను, ఏడ్చాను కూడా. తర్వాత తెలిసింది, అది ఆయా రాజవ్వ చెప్పుల చప్పుడని. నా కన్నీళ్లు తుడిచింది ఆమే. చిక్కులు పడ్డ నా జుట్టును, ఎవరూ చెప్పకుండానే, కూర్చోబెట్టి దువ్వి జడ వేసింది కూడా ఆమే.

"ఇంత మంచి ఎంటికలు పెట్టుకోని ఏడుస్తవేంది బిడ్డా?" అంది.

రోజూ డాక్టరు దూది తీసుకుని నా అరికాళ్ల మీద రాసేవారు. "తెలుస్తోందా?" అనేవారు. నేను పైకప్పు చూస్తూ "లేదు సార్" అనేదాన్ని. మా ఆయన తలుపు అద్దంలోంచి చూస్తుండేవాడు. పత్తి సీజన్ నడుమ దుకాణాన్ని గుమాస్తా మీద పడేసి, దవాఖాన వరండాలో ఇనుప కుర్చీ మీదే కాపురం పెట్టాడు. లోపలికి రానిచ్చినప్పుడల్లా గడ్డం మాసి, కళ్లు లోపలికి పోయి వచ్చి నిలబడేవాడు. నన్నే చూస్తుండేవాడు. ఒకరోజు నాకు తిక్క రేగింది.

"గట్ల సూడకుండ్రి నన్ను. సచ్చినదాన్ని సూసినట్టు సూస్తాండ్రు. పోండ్రి, దుకాణం సూసుకోండ్రి!"

ఆయన వెళ్లిపోయాడు. వరండాలో తలపట్టుకుని కూర్చుంటే, పాలంపేట నుంచి భార్యను తీసుకొచ్చిన ఒక రైతు టీ కప్పు తెచ్చి చేతిలో పెట్టాడట.

"సేటూ, గుర్తువట్టినవా? పోయినేడు మీ అడ్తికే పత్తి తెచ్చిన."

మా ఆయన తల ఊపాడు. లోపల జరిగింది చెప్పాడు.

"తిడుతాందా? తిడితే మంచిదే గదా సేటూ. నా ఆడిది నాల్గు దినాల సంది ఒక్క మాట తిట్టలే. పెండ్లాం తిడుతాందంటే బతుకుతానట్టే. ఫికర్ జెయ్యకు, చాయ్ తాగు," అన్నాడట ఆ పెద్దమనిషి. ఇద్దరూ కలిసే అన్నం తిన్నారు ఆ పూట. ఆయన భార్య కూడా తర్వాత తిట్టడం మొదలుపెట్టిందని విని మేమిద్దరం పండగ చేసుకున్నాం.

జనవరిలో నన్ను మామూలు వార్డుకు మార్చారు. ఊపిరి గండం గడిచింది. కాళ్లు మాత్రం మంచం మీద ఎవరివో పెట్టినట్టు పడి ఉండేవి. మా ఆయన పొద్దున యార్డుకు వెళ్లి, మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చేవాడు. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ రెండు మూడు పత్తి పింజలుంటాయి. వేళ్ల మధ్య పీకి పోగు పొడుగు చూడడం ఆయన అలవాటు, చుట్టాలింటి పెళ్లిలో కూర్చున్నా చూస్తుంటాడు. ఒకరోజు నేను కళ్లు మూసుకుని ఉన్నాను. నిద్రపోయాననుకుని, డాక్టరు చేసినట్టే జేబులోంచి పత్తి తీసి నా అరికాలి మీద రాస్తున్నాడు. ఆయన రాస్తున్నట్టు నాకు తెలియదు. ఎక్కడో దూరంగా, వేరే ఊళ్లో ఎవరో తలుపు కొట్టినట్టు, చిన్నగా ఏదో గట్టిది తగిలింది.

"గింజ," అన్నాను.

"ఏందే?"

"గింజ ఉన్నది అండ్ల. గుచ్చుకుంటాంది. తీసి రాయుండ్రి."

ఆయన చేతిలోకి చూసుకున్నాడు. దవాఖాన దూదిలో గింజ ఉండదు, మార్కెట్ పత్తిలో ఉంటుంది. ఆయన ముఖం చూస్తుండగానే నలిగిపోయింది.

"గింజ లేని పత్తి ఉంటదా పిచ్చిదానా," అంటూ నా కాలు రొమ్ముకు హత్తుకుని, వార్డులో అందరూ చూస్తుండగా ఏడ్చాడు. నలభై ఏళ్ల కాపురంలో ఆయన ఏడవగా నేను చూడడం అదే మొదలు. ఆ గింజ ఇప్పటికీ నా కుంకుమ భరిణలో ఉంది.

మార్చిలో ఇల్లు చేరాను. మార్కెట్‌కు మిర్చి బండ్లు వచ్చే రోజులు. ఆయన ఇంటికి రాగానే ఇల్లంతా తుమ్ములే. ఎక్సర్‌సైజులు చేయించే అమ్మాయి రోజూ వచ్చి నన్ను లేపి నిలబెట్టేది. వాకర్ పట్టుకుని హాలు ఈ కొస నుంచి ఆ కొసకు పోతే చాలు, కోట గోడ ఎక్కినంత ఆయాసం. పాదాల ముందు భాగం పైకి లేచేది కాదు, వేలాడుతూ బండలను గీసుకుంటూ వచ్చేది. సరోజన వదిన రోజూ వచ్చి జొన్న గటక తాగించి, పాదాలను ఒళ్లో పెట్టుకుని ఒక్కో వేలూ వంచి చాపేది. ఉరుకుడు మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు.

అదే నన్ను కాల్చింది. డాక్టరు అప్పటికే చెప్పారు. "నడక వస్తుందమ్మా. పరుగు మీద ఆశ పెట్టుకోకండి." నేను సరేనని తల ఊపి, ఇంటికొచ్చి దిండులో ముఖం పెట్టుకుని ఏడ్చాను. బతికినందుకు సంతోషించక ఈ వయసులో పరుగు కోసం ఏడవడమేమిటని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. అయినా ఏడుపు ఆగలేదు. పొద్దున అదే వేళకు మెలకువ వచ్చేది. పక్కన ఆయన కూడా లేచే ఉన్నాడని ఊపిరిని బట్టి తెలిసేది. ఎటు ఉరుకుతానవని అడగడానికి ఆయనకేముంది? కళ్లు మూసుకుని ఖిలా రోడ్డు మొత్తం మనసులో ఉరికి వచ్చేదాన్ని. మట్టికోట మలుపు, రాతి తోరణాల నీడ, టీ బండి, కుక్క. అన్నీ సరిగ్గానే ఉండేవి, నా కాళ్ల చప్పుడు మాత్రం వినిపించేది కాదు.

జూలైలో వాన వెలిసిన ఒక పొద్దున కొమురయ్య సారు వచ్చారు. నేను కర్రతో వాకిట్లో తిరుగుతున్నాను. ఆయన అరుగు మీద కూర్చుని, పలకరింపైనా లేకుండా నా పాదాలనే చూశారు.

"వేళ్లు ముందు పెడ్తానవ్. మడిమె పెట్టు. మోకాలు వంచకు. వేళ్లు ఆకాశం దిక్కు సూడాలె."

"సారూ, నేను నడుసుటానికే సస్తాన. నీ బాతు నడక నాకెందుకు?"

"నీకు ఉరుకుడు రాదన్నరట గదా?"

ఆ మాట అంత మొహమాటం లేకుండా ఎవరూ అనలేదు. నాకు కోపం వచ్చింది. "అవ్, అన్నరు. అయితేంది?"

"నాకు గూడ రాదు. దా, పోదాం."

డాక్టరును అడిగితే "నడకే కదా, మెల్లగా చేయండి" అని నవ్వారు. అట్లా నేను బాతునయ్యాను. మొదట మా గల్లీ, తర్వాత ఖిలా రోడ్డు. కర్ర పోయింది. మడమ, అరికాలు, వేళ్లు. మళ్లీ మడమ. మంచు కమ్మిన పొద్దుల్లో రాతి తోరణాలు గాల్లో వేలాడుతున్నట్టు కనిపించేవి. నా కింద మాత్రం నేల ఉండేది. ఇసుక తెలిసేది, తారు తెలిసేది, తారులో తేలిన కంకర తెలిసేది. ఉరికిన రోజుల్లో వాటినెప్పుడైనా చూశానా? మా ఆయన స్కూటర్ మీద వెనకాలే వచ్చేవాడు. పడితే పట్టుకోవడానికట. స్కూటర్ అంత మెల్లగా పోలేక డుగ్గు డుగ్గుమని ఆగిపోయేది.

భయం పోయిందా అంటే పోలేదు. ఇప్పటికీ మంచం దిగే ముందు రెండు పాదాలూ బండ మీద ఆనించి, గట్టిగా ఉందా మెత్తగా ఉందా అని చూసుకుంటాను. ఈ జబ్బు పడి లేచినవాళ్లెవరైనా ఇట్లా చేస్తుంటే సిగ్గుపడకండి. నేనూ చేస్తాను.

ఈ జనవరిలో కాజీపేట రైల్వే కాలనీ రోడ్ల మీద పెద్దవాళ్ల పోటీ పెట్టారు. ఉరికేవాళ్లు, నడిచేవాళ్లు ఒకే రోడ్డు మీద చుట్లు కొట్టాలి. నేను నడకలో పేరిచ్చాను. మెడల్ వద్దు, అందరికంటే వెనకైనా గీత దాటాలి. ఆ ఒక్క కోరికతో నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. రూల్స్ తెలిసినవారని కొమురయ్య సారును జడ్జీల పెద్దగా పెట్టారు. తప్పు నడిస్తే పసుపు పలక చూపి హెచ్చరిస్తారు. ముగ్గురు జడ్జీలు తప్పని రాస్తే ఆయన ఎర్ర పలక ఎత్తుతారు. ఇక బయటికే.

"నా శిష్యురాలివని ఇడిసిపెట్ట," అని ముందే చెప్పారు.

మంచు ఇంకా విడవలేదు. చెట్ల కింద పసుపు దీపాలు, ఎక్కడో రైలు కూత. నడక మొదలయ్యాక నాకు చప్పుళ్లన్నీ దూరమయ్యాయి. మడమ, అరికాలు, వేళ్లు. మా బ్యాచ్ వెనక నుంచి వచ్చి నన్ను దాటుకుంటూ పోతోంది. మంచులో వాళ్ల కాళ్లు కనిపించడం లేదు, ఛాతీల మీద నెంబర్లే తేలుతూ పోతున్నాయి. నేను ఐసీయూలో చూసింది ఇదే. ఇది మళ్లీ కలేమో, మంచం మీదే ఉన్నానేమో అనిపించింది. కాలితో నేలను గట్టిగా తొక్కి చూసుకున్నాను. ఉంది.

ఆఖరి చుట్టులో మా బ్యాచ్ సుగుణ ఉరుకుతూ పక్కకు వచ్చింది. నా వయసుదే. నేను ఉరికిన రోజుల్లో ఒక్కసారి కూడా నన్ను దాటలేదు. దాటుతూ ప్రేమగానే అంది.

"అక్కా, మెల్లగ రా. జర పైలం. తొందరేం లేదు."

పాపం, మంచికే అంది. కానీ నా ఒంట్లో నిప్పు రాజుకుంది. మెల్లగానా? నీకు నేను మెల్లగానా? ఆమె వీపు మీదే చూపు పెట్టి నడుము ఊపాను. ఆమె దూరం కాలేదు. పసుపు పలక ఒకటి కనిపించింది, ఇంకొకరికనుకున్నాను. మలుపులో మరొకటి. పట్టించుకోలేదు. చెవుల్లో గాలి మోగుతోంది. ఎన్నాళ్లకో ఆ గాలి. సుగుణ భుజం అందేంత దగ్గరికొచ్చింది. గీత మీద కట్టిన బ్యానర్ కూడా కనిపిస్తోంది.

అప్పుడు రోడ్డు మధ్యలోకి కొమురయ్య సారు వచ్చి నిలబడ్డారు. చేతిలో ఎర్ర పలక.

"శారదమ్మా, ఆగు. అయిపోయింది."

"ఏమైంది సారూ? గీత గాడనే ఉన్నది!"

"ముగ్గురం రాసినం. మోకాలు వంగింది. రెండు కాళ్లు లేసినయ్."

"నేను నడుస్తాన సారూ. ఒట్టు, నడుస్తాన!"

ఆయన ముఖం కఠినంగానే ఉంది. పలకను మాత్రం మెల్లగా దించారు.

"నడుస్తలేవమ్మా," అన్నారు. "ఉరుకుతానవ్."

నేను అక్కడే నిలబడిపోయాను. రోడ్డు పక్క నుంచి మా ఆయన పంచె ఎగ్గట్టుకుని రొప్పుతూ వచ్చాడు. ఎర్ర పలక చూసి జడ్జి మీదికి కొట్లాటకు పోయేటట్టున్నాడు.

"ఏమైందే? పడ్డవా? ఏమంటాండు సారు?"

"ఉరికిన్నట," అన్నాను. "అందుకే తీసేసిండు."

ఆయన సారు వైపు చూశాడు. సారు తల ఊపారు. ఆయన వంగి నా పాదాల వైపు చూశాడు, చాలాసేపు చూశాడు. ఇన్నేళ్లూ నన్ను ఉరకవద్దన్న మనిషి, చెయ్యి చాపి రోడ్డు చూపించాడు.

"ఏదీ, మళ్లొక్కసారి ఉరుకు. నేను సూడలే."

నెంబరు గుడ్డ విప్పి సారు చేతిలో పెట్టి, ఉరికాను.